మందు కనుగొన్న తరువాత

1996వ సంవత్సరము జూలై మాసమున కెనడా దేశములోని వాంకూవర్ నగరమునందు జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభలో వెల్లడియైన ఫలితములు, అంతకు పదునైదేండ్లుగా చావుకబురులు తప్ప వేఱొకటి వినియెఱుగని రోగులకును, వారి తల్లిదండ్రులకును, వారి ప్రక్కన నిలిచి నిస్సహాయులై చూచుచుండిన వైద్యులకును మృతసంజీవని లభించినట్లే తోచినవి. మూడు వేర్వేరు మందులను కలిపి ప్రతిదినము తప్పక సేవించినచో హెచ్.ఐ.వి. వైరస్ రక్తములో వృద్ధి చెందుట ఆగిపోవుచున్నదనియు, ఎముకల గూడులై మంచము పట్టినవారు కొన్ని నెలలలోనే లేచి నడచి తమ తమ పనులకు పోవుచున్నారనియు అచట నిరూపితమయ్యెను. మూడు మందులేల యనగా, ఈ వైరస్ తన ప్రతిరూపమును నిర్మించుకొనునపుడెల్ల తప్పులు చేయుచు, రూపము మార్చుకొనుచుండును. ఒక్క మందునే ప్రయోగించినచో దానికి లొంగని రూపమొకటి కొలది మాసములలో తలయెత్తి ఆ మందును నిరర్థకము చేయును. మూడింటిని ఒక్కమాఱు ప్రయోగించినపుడు, మూడింటికిని లొంగని రూపము పుట్టుట మిక్కిలి దుర్లభము. 1987లో వాడుకకు వచ్చిన ఏ.జెడ్.టి. అను మందు ఒంటరిగా సాధింపలేనిదానిని ఈ మందుల కూటమి సాధించెను. అమెరికాలో మరుసటి సంవత్సరమునకే ఎయిడ్స్ మరణములు దాదాపు సగమునకు తగ్గిపోయెను.

అయితే ఈ చికిత్సకు రోగి యొక్కనికి ఏడాదికి అగు వ్యయము 10,000 మొదలు 15,000 డాలర్లు. అదియు ఒక ఏటితో తీరునది కాదు, జీవితాంతము భరింపవలసినది. రోగపీడితులలో మూడింట రెండు వంతులమంది నివసించుచుండినదో, సహారా ఎడారికి దక్షిణమునగల దేశములలో. ఆ దేశములలో ననేకము తమ ప్రజల ఆరోగ్యమునకై తలకు ఏడాదికి ఇరువది డాలర్లైన వెచ్చింపజాలనివి. కావున మందు కనుగొన్న తరువాత పెక్కేండ్లవఱకు, ఆ మందు కలదని తెలిసియే, దాని పేరు పలుకుచునే లక్షోపలక్షల జనులు మరణించిరి. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇంతే: వ్యాధి ఎచ్చటనైన ఒకే రీతిగా చంపును గాని, చికిత్స ఎవరి చేతికి ఎన్నడు అందవలయునో నిర్ణయించునవి చట్టములును, ధరలును, దేశముల నడుమ జరుగు ఒడంబడికలును; వానిని మనుష్యులే వ్రాసిరి గనుక మనుష్యులే మార్పగలరు, ఎయిడ్స్ మందుల విషయమున మార్చిరి కూడ.

ధర అంత యెత్తున నిలుచుటకు కారణము ముడిసరకుల ఖరీదు కాదు. ఏ.జెడ్.టి.నే తీసికొందము. దానిని 1964లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జెరోమ్ హోర్విట్జ్ అను శాస్త్రజ్ఞుడు, ప్రభుత్వ ధనసహాయముతో, క్యాన్సరునకు మందు కాగలదని తయారుచేసెను. క్యాన్సరునకు అది పనికిరాలేదు. ఇరువదేండ్ల తరువాత అది హెచ్.ఐ.వి.ని అడ్డగించుచున్నదని పరిశోధనలలో తేలగా, అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో బరోస్ వెల్కమ్ అను సంస్థ దానిని విపణికి తెచ్చి, పేటెంటు పొంది, ఏడాదికి దాదాపు 10,000 డాలర్ల ధర నిర్ణయించెను. పేటెంటు అనగా ఆ వస్తువును నియమితకాలము ఇతరులెవ్వరును తయారుచేయరాదని ప్రభుత్వమిచ్చు ఏకస్వామ్యపు హక్కు. పరిశోధనకు శ్రమయు ధనమును వెచ్చించినవానికి ప్రతిఫలము దక్కవలయుననుట న్యాయమే. దానిని నేను కాదనను. కాని ప్రజాధనముతో పుట్టిన మందునకు ప్రజలు కొనజాలని ధర నిర్ణయించుటకు ఆ న్యాయము చాలదు.

ఈ ఏకస్వామ్యమునకు వెలుపల మందులు చేయగల దేశమొకటి అప్పటికే ఉండినది, అది మనదేశము. అది దైవికముగా జరిగినది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ 1911 నాటి ఆంగ్లేయుల పేటెంటు చట్టమే అమలులో నుండుటచే, భారతదేశమున కొన్ని మందుల ధరలు ప్రపంచమున కెల్ల హెచ్చుగా నున్నవని అమెరికా సెనేటు సంఘమే పేర్కొనవలసి వచ్చినది. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదికలో, ఈ దేశములోని పేటెంట్లలో అత్యధికభాగము విదేశీయులవనియు, వానిలో అత్యధికము ఇచట ఉత్పత్తికే వినియోగపడుటలేదనియు తేటపఱచెను. ఆ విచారణకు ఫలముగా పార్లమెంటు 1970లో ఆమోదించి 1972 నుండి అమలుపఱచిన చట్టము, మందు అను వస్తువుపై పేటెంటు లేదనియు, దానిని తయారుచేయు విధానముపై మాత్రమే స్వల్పకాలపు హక్కు చెల్లుననియు శాసించెను. అనగా గమ్యము అందఱిది. దారి వేసినవాని హక్కు దారికే పరిమితము. వేఱొక దారి కనుగొన్నవాడు అదే మందును తాను చేసికొనవచ్చును.

ఈ చట్టపు ఫలితము హైదరాబాదు వాసులకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. సోవియట్ సహాయముతో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారము బాలానగర్ ప్రాంతమున రసాయనశాస్త్రము చదివిన యువకులకు పాఠశాలయైనది. అచట పని నేర్చినవారిలో డాక్టర్ అంజిరెడ్డి వంటివారు పిదప స్వంత సంస్థలు నెలకొల్పిరి. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలలో మందుల మూలపదార్థములు చేయు బల్కు డ్రగ్ కంపెనీలు పుట్టుకొని వచ్చినవి. ఈ పరిశ్రమలో విద్య ఎచ్చట నున్నదో దగ్గరగా చూచిన గాని తెలియదు. మందు యొక్క నిర్మాణము పుస్తకములలో అచ్చుపడియే యుండును. దానిని పరీక్షానాళికలో గ్రాముల లెక్కన చేయుట ఒక పని, వేలలీటర్లు పట్టు ఉక్కు రియాక్టరులో టన్నుల లెక్కన చేయుట మఱియొక పని. పది అంచెలలో జరుగు చర్యను ఏడు అంచెలకు తగ్గించుట, ఖరీదైన ద్రావణిని వృథాపోనీక తిరిగి పట్టి వాడుట, ప్రతి అంచెలోను దక్కు పదార్థమును నూటికి రెండు మూడు పాళ్లైన పెంచుట, ఇట్టి చిన్న చిన్న నేర్పులు కూడికూడి కిలో ధరను పదోవంతునకు దింపును. ఆ నేర్పు గలవారు పెక్కుమంది పోటీపడినచో ధర ఇంకను దిగును. వైద్యశాస్త్ర చరిత్రలలో వీరి పేర్లు కానరావు. షిఫ్టుల వారీగా రాత్రింబవళ్లు రియాక్టరుల చెంత నిలిచి పనిచేసిన ఆ అజ్ఞాత రసాయనజ్ఞులకు ఆఫ్రికా ఖండము ఎంతో ఋణపడియున్నది.

ఇక దక్షిణాఫ్రికాకు వత్తము. జాత్యహంకార పాలన అంతరించి నెల్సన్ మండేలా అధ్యక్షుడైన మూడేండ్లకు, 1997లో, ఆ దేశము ఒక ఔషధచట్టమును చేసినది. అదే మందు వేఱొక దేశమున చౌకగా దొరకునపుడు దానిని అచటినుండి తెప్పించుకొనుటకు ప్రభుత్వమునకు వీలు కల్పించునది ఆ చట్టము. మఱుసటి సంవత్సరమే ఔషధ సంస్థలు కొన్ని కూడి, మండేలా పేరు కూడ ప్రతివాదులలో చేర్చి, న్యాయస్థానమున వ్యాజ్యము వేసినవి. విచారణనాటికి వానిసంఖ్య 39. అమెరికా ప్రభుత్వము కూడ ఆ చట్టమును మార్చుకొమ్మని వాణిజ్యపరమైన ఒత్తిడి తెచ్చినది. ఆ దేశమున గర్భిణీ స్త్రీలలో అయిదుగురికొకరు వైరస్ సోకినవారుగా తేలుచుండిన కాలమది!

1998 డిసెంబరు 10వ తేదీన, మానవహక్కుల దినమున, కేప్‌టౌన్ నగరమున జాకీ అక్మత్ అను ఉద్యమకారుడు కొలదిమంది మిత్రులతో కలిసి ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అను సంస్థను స్థాపించెను. అతడు స్వయముగా హెచ్.ఐ.వి. సోకినవాడు. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో సామాన్యులకు దొరకునంతవఱకు తాను వానిని తాకనని ప్రతినబూని, రోగము ముదిరి శరీరము కృశించుచున్నను, మండేలాయే ఇంటికి వచ్చి మందు వేసికొమ్మని బతిమాలినను చలింపక, 2003వఱకు ఆ ప్రతిన నిలుపుకొనెను. 2000వ సంవత్సరము జూలైలో డర్బన్ నగరమున అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ జరిగినపుడు, ఎడ్విన్ కామెరాన్ అను న్యాయమూర్తి వేదికపై నిలిచి, తాను బ్రతికియుండుటకు కారణము తనకు మందు కొనగల జీతముండుటయే యనియు, జీవితమును తాను డబ్బిచ్చి కొనుక్కొనుచున్నాననియు సభకు చెప్పెను. అదే సభలో న్కోసి జాన్సన్ అను పదునొకండేండ్ల బాలుడు, పుట్టుకతోనే వైరస్ సోకినవాడు, తల్లులకు మందులిచ్చి బిడ్డలను కాపాడుడని వేడుకొనెను. మఱుసటి ఏడు జూన్ 1వ తేదీన ఆ బాలుడు మరణించెను.

ఔషధ సంస్థల దోషమును మాత్రమే చెప్పి విడిచినచో సత్యమునకు ద్రోహము చేసినట్లగును. మండేలా తరువాత అధ్యక్షుడైన తాబో ఎంబెకీ, ఎయిడ్స్‌నకు కారణము ఈ వైరసే యనుటను శంకించి, చౌకగా దొరకు మందును సహితము తన ప్రజలకు అందకుండ జాప్యము చేసెను. ఆయన ఆరోగ్యమంత్రిణి వెల్లుల్లిని, బీట్‌రూటును చికిత్సగా ఉపదేశించుచుండెను. ఆ కాలమున మందులీయక జాగుచేయుటవలన 3,30,000 మందికి పైగా అకాలమరణము పాలైరని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కించిరి. తుదకు ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే 2002 జూలైలో, తల్లినుండి బిడ్డకు వైరస్ సోకకుండ కాపాడు నెవిరపీన్ మందును ఆసుపత్రులన్నిట ఇవ్వవలసినదేనని ప్రభుత్వమును ఆజ్ఞాపింపవలసి వచ్చెను. ధనిక దేశముల లోభమునకు తోడు స్వదేశపాలకుల మూర్ఖత్వము కూడినచో ప్రజల గతి ఏమగునో ఇంతకంటె స్పష్టముగ చూపు ఉదాహరణ నాకు కానరాదు.

ఇంతలో 2001 ఫిబ్రవరిలో బొంబాయికి చెందిన సిప్లా సంస్థ అధిపతి యూసఫ్ హమీద్, మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇత్తునని ‘ఎల్లలు లేని వైద్యులు’ అను అంతర్జాతీయ వైద్యసేవా సంఘమునకు తెలిపెను. దినమునకు ఒక్క డాలరు! అదియుగాక, మూడు మందులను ఒకే మాత్రలో ఇమిడించి, ఉదయమొకటి, రాత్రి యొకటి వేసికొనునట్లు చేసెను. మందులు మూడింటిపైన పేటెంటు హక్కులు మూడు వేర్వేరు సంస్థలవగుటచే పాశ్చాత్యదేశములలో ఆ మూడింటిని ఒక మాత్రగా కలుపుట సాధ్యము కాకపోయినది. ఆ వార్త ప్రపంచమున వ్యాపించినతోడనే పాతధరలను సమర్థించుట ఎవరికిని తరము కాలేదు. ఆ వ్యాజ్యము నడచుచుండిన ప్రిటోరియా న్యాయస్థానము ఎదుట వేలకొలది జనులు నిలిచి నినదించుచుండగా, 2001 ఏప్రిల్ 19వ తేదీన ఆ 39 సంస్థలును వ్యాజ్యమును ఉపసంహరించుకొనెను.

అప్పటికిని ఒక అభ్యంతరము మిగిలియుండినది. అది వినుటకే బాధ కలిగించునది. ఆఫ్రికా గ్రామీణులకు గడియారము చూచి వేళకు మందు వేసికొనుట తెలియదనియు, కావున వారికి మందులిచ్చుట వ్యర్థమనియు అమెరికా విదేశసహాయ సంస్థకు నాడు అధిపతియైన ఆండ్రూ నాట్సియోస్ బహిరంగముగ పలికెను. దీనికి సమాధానము కేప్‌టౌన్ శివార్లలోని కయెలిట్షా అను రేకుల గుడిసెల బస్తీనుండి వచ్చినది. ఎల్లలు లేని వైద్యుల సంఘము 2001 మే మాసమున అచట మందులిచ్చుట ఆరంభించెను. రోగి తనకు తోడుగా ఇంటివారినో పొరుగువారినో ఒకరిని కుదుర్చుకొనుట, మందు మొదలిడుటకు ముందే పలుమాఱులు వచ్చి రోగమును గూర్చి తెలిసికొనుట, రోగులందఱు కూడి కష్టసుఖములు చెప్పుకొనుట, ఇట్టి పద్ధతులతో అచటి పేదలు మందులను ఎంతో నిష్ఠతో సేవించిరి. 2006లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడిన సమీక్ష, తగినంత నియమముగా మందులు వాడువారు ఆఫ్రికాలో నూటికి 77 మంది యుండగా, ఉత్తర అమెరికాలో 55 మందియే యని తేల్చెను.

2001 నవంబరు 14వ తేదీన దోహా నగరమున ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశములు, ఆ సంస్థ పేటెంటు ఒడంబడికను ప్రజారోగ్యమును కాపాడుకొను హక్కునకు అనుకూలముగానే అన్వయింపవలయునని ప్రకటించినవి. మఱుసటి ఏడు నెలకొన్న గ్లోబల్ ఫండ్ అను అంతర్జాతీయ నిధియు, 2003లో అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రకటించిన పెప్ఫార్ అను ఎయిడ్స్ సహాయ పథకమును మందులకు ధనమును సమకూర్చినవి. బ్రెజిల్ అంతకు ముందే, 1996లోనే, తన పౌరులందఱికి ఉచితముగా మందులీయవలయునని చట్టము చేసి దారి చూపియుండెను. ఈ ధనముతో పేదదేశములకు కొన్న మందులలో నూటికి 80 పాళ్లకు మించి భారతీయ సంస్థలవే. వానిలో అరబిందో, హెటెరో, మాట్రిక్స్ వంటి హైదరాబాదు సంస్థల భాగము గణనీయమైనది. ఒకనాడు 10,000 డాలర్లకు పైబడిన చికిత్స, అంతకంటె మేలైన మందులతో, 2023 నాటికి ఏడాదికి 45 డాలర్లకు లోపుగా దిగినది. ప్రపంచమున హెచ్.ఐ.వి.తో జీవించుచుండిన 4 కోట్ల 8 లక్షలమందిలో 3 కోట్ల 16 లక్షలమంది 2024 చివరకు మందులు పొందుచుండిరి.

ఈ మందులు పుట్టిన గడ్డను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. దేశములో హెచ్.ఐ.వి. సోకినవారి సంఖ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెక్కేండ్లు అగ్రస్థానమున నుండినది. అయినను మన బల్కు డ్రగ్ కంపెనీలలో తయారైన మందు ఓడలకెక్కి పోవుచుండగా, కోస్తా జిల్లాలలోని లారీడ్రైవరు భార్యయో, వ్యవసాయకూలీయో డబ్బు చాలక మందులేకయే మరణించుచుండిరి. ప్రభుత్వము ఉచితచికిత్స ఆరంభించినది 2004 ఏప్రిల్ 1వ తేదీననే. అసమానత దేశముల నడుమనే కాక, ఒకే జిల్లాలో కర్మాగారపు గోడకు ఈవల ఆవల కూడ నిలిచియుండును. నేటికిని హెచ్.ఐ.వి. మందులిచ్చు ఏ.ఆర్.టి. సెంటరుకు వచ్చువారిలో అనేకులు సొంత ఊరి ఆసుపత్రిలో ఎవరైన గుర్తుపట్టుదురేమోయని బస్సెక్కి దూరపు పట్టణమునకు పోయి నెలకు సరిపడు మందు సీసాను సంచి అడుగున దాచుకొని తెచ్చుకొనుచున్నారు. మందు చౌకయైనది గాని, లోకనింద చౌకగా వదలునది కాదు.

రెండవది, పటాన్‌చెరు ప్రాంతపు నీరు. స్వీడను శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందము 2007లో ప్రకటించిన పరిశోధన, అచటి ఔషధ పరిశ్రమల మురుగునీటిని శుద్ధిచేసి వదలిన పిదప పరీక్షింపగా, సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయోటిక్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు కనబడినదని తెలిపెను. ఆ మందు సేవించిన రోగి రక్తములో ఉండుదానికంటె అది ఎన్నో రెట్లు అధికము. ప్రపంచమునకు చౌకమందు నిచ్చిన ఖ్యాతి మనదే. వాగులు చెడి, పొలములు పాడైన నష్టము ఆ చుట్టుపట్ల గ్రామములది. మందు ధరలో ఆ నష్టమును చేర్చి, శుద్ధికి తగినంత వెచ్చించినను ధర సామాన్యునకు అందనంతగా పెరుగదనియే నా నమ్మకము.

ఇక నేటి సంగతి. 2025 జనవరి 20వ తేదీన అమెరికా అధ్యక్షుని ఉత్తరువుచే విదేశసహాయము 90 దినములు నిలిచిపోగా, ఆఫ్రికాలో అనేక చికిత్సాకేంద్రములు హఠాత్తుగ మూతపడెను. ప్రాణరక్షక సేవలకు మినహాయింపు నిచ్చితిమనినను, తెగిన ఏర్పాటులన్నియు తిరిగి అతుకలేదు. పెప్ఫార్ రెండు కోట్ల యేబది లక్షల ప్రాణములను కాపాడినదని అమెరికా ప్రభుత్వమే గర్వముగ చెప్పుకొనుచుండెడిది. అంతటి మంచి పని ఒక సంతకముతో ఆగిపోవుట, ఇతరుల దయపై నిలిచిన ఆరోగ్యము ఎంత బలహీనమో చూపినది.

ఏడాదికి రెండే రెండు సూదిమందులతో వైరస్ సోకకుండ కాపాడు లెనకపవిర్ అను క్రొత్త మందు కథ, పాతకథనే మఱల గుర్తుచేయుచున్నది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగిన పరీక్షలో దానిని పొందిన 2,134 మంది స్త్రీలలో ఒక్కరికైనను వైరస్ సోకలేదని 2024లో తెలిసినది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28,000 డాలర్లకు పైచిలుకు. మన డాక్టర్ రెడ్డీస్, హెటెరో సంస్థలు అనుమతిపొంది దానిని 2027 నుండి ఏడాదికి 40 డాలర్లకు 120 దేశములకు అందింపనున్నవి. ఇది హర్షింపదగినది. కాని ఆ అనుమతిలో బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ దేశములకు చోటులేదు. ఆ మందు పరీక్షలకు తమ దేహముల నిచ్చిన వలంటీర్లు ఆ దేశములలో కూడ కలరు. ఇది అన్యాయము.

మనదేశము ప్రపంచ వాణిజ్య సంస్థ నియమములకు లోబడి 2005లో మందులపై వస్తుపేటెంట్లను అంగీకరింపక తప్పలేదు గాని, పాతమందునే కొంచెము మార్చి క్రొత్త పేటెంటు కోరుటను నిరోధించు 3(డి) నిబంధనను చట్టమున చేర్చుకొన్నది. 2013 ఏప్రిల్ 1వ తేదీన గ్లివెక్ అను క్యాన్సర్ మందు విషయమున సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలబెట్టినది. ధనికదేశములతో జరుగుచున్న వాణిజ్య చర్చలలో ఇట్టి రక్షణలను సడలింపుమని, పరీక్షాఫలితములపై సంస్థలకు ప్రత్యేక హక్కులిమ్మని కోరుట పరిపాటియైనది. ఇట్టి ఒప్పందములను గూర్చి వార్తలు వచ్చినపుడు కార్లమీద, మద్యముమీద సుంకము ఎంత తగ్గెననియే మనము చదివి పుట త్రిప్పుచున్నాము. ఇకమీదట మందుల అధ్యాయములో ఏమి వ్రాసికొన్నారో కూడ చదువుడు. అర్థము కానిచో మీ పార్లమెంటు సభ్యుని అడుగుడు. 3(డి)ని విడువరాదని సంతకమునకు ముందే చెప్పుడు. సంతకమైన పిదప చెప్పినచో ప్రయోజనముండదు.